అడిగేవాడు లేని ప్రశ్న

పొడుపుకథకు ఇద్దరు కావాలి. పొడిచేవారు ఒకరు, విప్పేవారు ఒకరు. బేతాళ కథల్లో ప్రశ్న వేసే బేతాళుడు రాజు భుజం మీదే ఉంటాడు, తెలిసి కూడా చెప్పకపోతే ప్రాణం దక్కదని బెదిరిస్తాడు. అవధానంలో పృచ్ఛకులు ఎదురుగానే కూర్చుంటారు. ప్రశ్న అన్నాక అడిగే మనిషి ఉండాలన్న ఈ అమరికను గత 50 ఏళ్లలో కంప్యూటర్ మీద పుట్టిన ఒక ఆటల సంప్రదాయం మార్చేసింది. ఈ ఆటల్లో ఆడేది ఒక్కరే. ఎదుటి జట్టు లేదు, చాలావాటిలో కాల్చి పారేయాల్సిన శత్రువూ లేడు, తరిమే గడియారమూ లేదు. మనుషులు ఖాళీ చేసి వెళ్లిపోయిన ఓ దీవి ఉంటుంది, లేదా ఓ చీకటి గుహ, ఓ పాత ఇల్లు. ఒక తలుపు మూసి ఉంటుంది. అంతే. ఇంత ఏకాంతంలో జనం రాత్రిళ్లు గంటల తరబడి ఎందుకు కూర్చుంటారని అడిగితే, తెలివికి పరీక్ష కాబట్టి, చిక్కు విడిపోయినప్పుడు గెలిచిన తృప్తి దొరుకుతుంది కాబట్టి అని జవాబు వస్తుంది. ఈ ఆటల చరిత్రను కాస్త నిదానంగా చూస్తే ఆ జవాబు సగమే నిజమనిపిస్తుంది. ఆడేవారిని పట్టి కూర్చోబెట్టింది గెలుపు కన్నా ఎక్కువగా, ఒక చోటును చదవడం చేతనయిందన్న ఆనందం. చిక్కుముడి చేసే పనల్లా ఆ చోటును ఆగి చూడటానికి ఒక కారణం ఇవ్వడం. చిక్కు ఆ చోటులోంచే పుట్టినప్పుడు ఈ సంప్రదాయం బతికింది. పైనుంచి తెచ్చి అతికించినప్పుడు చిక్కి శల్యమైంది.

దీని మొదలు ఒక నిజమైన గుహలో ఉంది. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహ ప్రపంచంలోకెల్లా పొడవైనది. పక్కనున్న ఫ్లింట్ రిడ్జ్ గుహలకూ దానికీ లోపల్లోపలే దారి ఉందని 1972లో తేలింది. ఆ దారి కనిపెట్టిన బృందంలో పట్రీషియా క్రౌథర్ ఉన్నారు. ఆమె భర్త విల్ క్రౌథర్ ప్రోగ్రామర్. ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అర్పానెట్ కోసం బోల్ట్ బెరనెక్ అండ్ న్యూమన్ సంస్థలో పనిచేసేవారు. భార్యాభర్తలిద్దరూ గుహల కొలతలను కంప్యూటర్‌లోకి ఎక్కించి పటాలు తీసేవారు. విడాకులయ్యాక, 1975–76 ప్రాంతంలో, కూతుళ్లు ఆడుకోవడానికని విల్ క్రౌథర్ ఫోర్‌ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక ఆట రాశారు. అందులో బొమ్మలు లేవు. మీరు ఎక్కడున్నారో, ఏం కనిపిస్తోందో తెర మీద రెండు మూడు వాక్యాల్లో వస్తుంది, ఎటు వెళ్లాలో ఒకటి రెండు మాటల్లో టైపు చేయాలి. అందులో ఆయన పటం గీసింది మామత్ వ్యవస్థలో తాను పాకి తిరిగిన బెడ్‌క్విల్ట్ అనే భాగానికి. వాగు పక్కన చిన్న ఇల్లు, వాగు ఇంకిపోయే చోట ఇనుప జల్లెడ తలుపు, లోపల రాళ్ల మీద పాకాల్సిన సన్న దారి, ఇవన్నీ అక్కడివే. 1977లో స్టాన్‌ఫర్డ్‌లో డాన్ వుడ్స్ ఆ ప్రోగ్రామ్‌ను చూసి, క్రౌథర్ అనుమతితో నిధులూ మాయలూ మరిన్ని చిక్కులూ చేర్చారు. కొలొస్సల్ కేవ్ అడ్వెంచర్ అన్న పేరుతో అది విశ్వవిద్యాలయాల కంప్యూటర్లన్నిటికీ పాకింది. ఈ పుట్టుకలో నాకు ముఖ్యంగా కనిపించేది వరుస. ముందు చోటు ఉంది, పజిల్ తర్వాత వచ్చింది. ఆడినవాళ్లు కాగితం మీద గదులకు గళ్లు వేసి, గీతలతో కలుపుకుంటూ పటం గీసుకున్నారు. అంటే గుహలో క్రౌథర్ దంపతులు చేసిన పనినే కుర్చీలో కూర్చుని మళ్లీ చేశారు.

ఆ ఆట చూసిన ఉత్సాహంతో 1977లోనే ఎంఐటీలో నలుగురు కలిసి జోర్క్ అనే ఆట రాయడం మొదలుపెట్టారు. 1979లో పుట్టిన ఇన్ఫోకామ్ అనే కంపెనీ దాన్ని అమ్మింది. ఇక్కడే నా వాదనకు మొదటి అభ్యంతరం ఎదురవుతుంది. చోటే ముఖ్యమైతే, చిక్కుపడ్డవాళ్లు జవాబులు కొనుక్కుని ముందుకు సాగిపోవచ్చు కదా, అలా కొనుక్కున్నవాళ్లు వేలల్లో ఉన్నారు కదా? ఉన్నారు. ఇన్ఫోకామ్ 1980ల ఆరంభంలో సూచనల పుస్తకాలు అమ్మింది. కానీ వాటి తయారీ చూడాలి. జవాబులు కంటికి కనిపించని సిరాతో అచ్చయి ఉండేవి. పుస్తకంతో ఇచ్చిన ప్రత్యేకమైన పెన్నుతో గీస్తేనే అక్షరాలు తేలేవి. ప్రతి ప్రశ్న కిందా మొదటి గడిలో చిన్న సూచన, తర్వాతి గడిలో ఇంకాస్త, చివరి గడిలోనే అసలు జవాబు. ప్రశ్నలు చదివి ఆటలో ఏముందో ముందే ఊహించెయ్యకుండా, ఆటలో లేనే లేని విషయాల మీద కూడా కొన్ని ప్రశ్నలు కలిపేవారు. జవాబు ఒక్కటే సరుకైతే ఇంత శ్రమ అక్కర్లేదు, ఒక పేజీలో అచ్చేసి ఇచ్చేస్తే సరిపోతుంది. కొనేవారికి కావలసింది నిలిచిపోయిన చూపును కాస్త పక్కకు తిప్పే ఒక్క మాట. అది దొరకగానే పెన్ను పక్కన పెట్టి మళ్లీ ఆటలోకి వెళ్లాలి. పుస్తకం మొత్తం ఆ మర్యాద చుట్టూనే కట్టారు.

1980లో రోబర్టా విలియమ్స్, కెన్ విలియమ్స్ తెచ్చిన మిస్టరీ హౌస్‌తో ఈ ఆటల్లోకి గీతల బొమ్మలు వచ్చాయి. తర్వాతి పదేళ్లలో రంగులు, కదలికలు, సంభాషణలు చేరాయి. ఆ పదేళ్లను దాటేసి 1993కు వస్తాను, ఎందుకంటే ఈ సంప్రదాయానికి నేటి రూపం ఇచ్చింది ఆ ఏడాది సెప్టెంబరులో మెకింటోష్ కంప్యూటర్ల మీద వచ్చిన మిస్ట్. చేసినవాళ్లు వాషింగ్టన్ రాష్ట్రంలో స్పోకేన్ దగ్గరుండే అన్నదమ్ములు, ర్యాండ్ మిల్లర్, రాబిన్ మిల్లర్.  సయాన్ అన్న వాళ్ల చిన్న సంస్థ అంతకుముందు పిల్లల కోసం ది మ్యాన్‌హోల్ చేసింది. అందులో గెలుపూ లేదు ఓటమీ లేదు. నొక్కుతూ పోతే ఒక లోకం తెరుచుకుంటుంది, అంతే. పెద్దవాళ్ల కోసం చేయమని జపాన్‌కు చెందిన సన్‌సాఫ్ట్ సంస్థ అడిగినప్పుడు, అదే తిరుగుడుకు ఒక కారణం కల్పించాల్సి వచ్చింది. పజిల్స్ అలా చేరాయి. ఆట నడిచింది హైపర్‌కార్డ్ మీద, అంటే చీటీల కట్టలా ఒక బొమ్మ వెనక ఇంకో బొమ్మ పేర్చే సాఫ్ట్‌వేర్ మీద. అప్పటి సీడీ డ్రైవ్ సెకనుకు 150 కిలోబైట్లు చదివేది. కళ్ల ముందు లోకం గిర్రున తిరగడం ఆ వేగంతో కుదిరే పని కాదు. అందుకే సుమారు 2,500 నిశ్చల చిత్రాలుగా దీవిని కట్టారు. ఒక చిత్రంలో నిలబడతాం, నొక్కుతాం, తర్వాతి చిత్రంలోకి వెళ్తాం. యంత్రం చేతకానితనం వల్ల వచ్చిన ఈ నిలకడే ఆటకు ప్రాణమైంది. బొమ్మ కదలదు కాబట్టి కన్ను కదిలింది. అదే ఏడాది డిసెంబరులో డూమ్ అనే కాల్పుల ఆట వచ్చింది. అందులో పరుగు ఆపితే చస్తాం, మిస్ట్‌లో ఆగకపోతే ఏమీ కనిపించదు.

ఆ దీవిలోని మొదటి పజిల్ ఒక్కటి దగ్గరగా చూస్తే చాలు. రేవు నుంచి పైకి వెళ్లే బాట పక్క గడ్డిలో ఒక చీటీ పడి ఉంటుంది. అట్రస్ అనే ఆయన భార్య క్యాథరీన్‌కు రాసుకున్నది. ఈ దీవి మీద మీటలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఆ అంకెను రేవు పక్కనున్న గదిలోని యంత్రంలో వేస్తే నీకొక సందేశం దొరుకుతుందని అందులో ఉంటుంది. ఆడేవారికి తెలియని అంకె అది. తెలుసుకోవాలంటే దీవి అంతా తిరగాలి. రేవు దగ్గరొకటి, ప్లానిటేరియం దగ్గరొకటి, దుంగల గుడిసె దగ్గరొకటి, చెట్లకు అవతల నిలబడ్డ రాకెట్ దగ్గరొకటి, మొత్తం ఎనిమిది. ఈ లెక్కలో తెలివికి పరీక్ష అనదగ్గది ఏమీ లేదు, ఎక్కాలు రాని పిల్లలైనా చేస్తారు. కానీ ఎనిమిదో మీట దొరికేసరికి ఆ మనిషి దీవి మొత్తం నడిచి ఉంటారు. ఏ తలుపు వెనక ఏ యంత్రం మూలుగుతోందో, ఎక్కడ కొలను ఉందో, ఎక్కడ మెట్లు ఆగిపోయాయో మనసులో పడిపోయి ఉంటుంది. చీటీ తమకు రాసింది కాకపోవడం కూడా ఊరికే కాదు. ఆట మనల్ని ఏమీ అడగలేదు. ఒక ఇంటివారి ఉత్తరం మన చేతికి చిక్కింది, అడిగేవారు లేని ప్రశ్నను మనమే తలకెత్తుకున్నాం. బేతాళుడి ప్రశ్నకూ దీనికీ తేడా అక్కడుంది.

చెవికి చేసిన పని కూడా అంత శ్రద్ధగానే చేశారు. శబ్దాలు కూర్చిన క్రిస్ బ్రాండ్‌క్యాంప్ బాయిలర్ కింద మంట కోసం నిజమైన మంటను రికార్డు చేస్తే అది మంటలా వినిపించలేదట. చివరికి ఇంటి ముందు రాళ్లు పరిచిన దారి మీద కారును మెల్లగా నడిపి ఆ చిటపటలను పట్టుకున్నారు. గడియారపు గోపురం గంటలు ఒక రెంచీతో పుట్టినవి, తర్వాత స్థాయి తగ్గించారు. సంగీతం ధ్యానాన్ని చెడగొడుతుందని మిల్లర్ సోదరులు మొదట వద్దనుకున్నారు, పెట్టి చూశాక మనసు మార్చుకున్నారు. రాబిన్ 40 నిమిషాల సంగీతం కూర్చారు. ఆట డబ్బాలో ఒక ఖాళీ నోటు పుస్తకం కూడా పెట్టి అమ్మారు. ఆ ఖాళీ పేజీలను నేను చాలా విలువైన సాక్ష్యంగా చూస్తాను. మీరు చూసింది రాసుకోదగ్గదని కొన్నవాళ్లకు తయారుచేసినవాళ్లు చెబుతున్నారు. ఆడేవాళ్లను పెద్దవాళ్లుగా, గమనించగలవాళ్లుగా నమ్మారు. ఆ నమ్మకం తమ మీద ఉంచడమే చాలామందిని కదిలించిందని నా అభిప్రాయం.

మిస్ట్ ప్రతులు 60 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. 2002లో ది సిమ్స్ దాటేదాకా పర్సనల్ కంప్యూటర్ ఆటల్లో అంతకన్నా ఎక్కువ అమ్ముడైనది లేదు. ఈ అంకెను సాక్ష్యంగా తెస్తే గట్టి అభ్యంతరం ఒకటుంది. అది సీడీ డ్రైవ్‌లు కొత్తగా ఇళ్లకు వస్తున్న కాలం. కొత్త పరికరం ఏం చేయగలదో చుట్టాలకు చూపించడానికి కొన్న ఆటే తప్ప ఆడటానికి కొన్నది కాదంటారు. అందులో కొంత నిజం ఉంది, అమ్మకాల అంకె ఒక్కటే పట్టుకుని నేను వాదించను. కానీ అదే ఏడాది వచ్చిన ది సెవెంత్ గెస్ట్‌ను పక్కన పెట్టి చూడండి. అదీ సీడీ మీదే వచ్చింది, అదీ 20 లక్షలు దాటి అమ్ముడైంది. దయ్యాల కొంప, అప్పటికి అబ్బురపరిచే దృశ్యాలు. అందులో ఒక గదిలో కేకును సమాన ముక్కలుగా కోయాలి, ప్రతి ముక్క మీదా పుర్రెలూ సమాధిరాళ్లూ సమంగా పడాలి. మంచి పజిలే. ఆ ఇంటికీ దానికీ మాత్రం సంబంధం లేదు, వారపత్రిక వెనక పేజీలో వేసినా ఇలాగే విప్పుకోవచ్చు. కొత్త పరికరం మోజు రెండింటికీ సమానంగా సాయం చేసింది. 2012లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ తన సేకరణలోకి తీసుకున్న మొదటి 14 ఆటల్లో మిస్ట్ ఉంది. తర్వాత వచ్చిన నిశ్శబ్దపు దీవుల, పాడుబడ్డ యంత్రశాలల ఆటలు చాలావరకు మిస్ట్‌నే పెద్దదిక్కుగా చెప్పుకున్నాయి. కేకు పజిల్‌ను అలా చెప్పుకున్నవి మాత్రం నాకు కనిపించలేదు.

మిస్ట్‌కు కొనసాగింపుగా 1997లో ఐదు సీడీల మీద వచ్చిన రివెన్ ఈ పద్ధతిని ఇంకా లోతుకు తీసుకెళ్లింది. డిస్నీ అలాద్దీన్ సినిమాకు ప్రొడక్షన్ డిజైనర్‌గా పనిచేసిన రిచర్డ్ వాండర్ వెండె దీని రూపకల్పనలో భాగస్వామి. అందులో ఒక బడి గది ఉంది. ఖాళీగా ఉంటుంది, పిల్లలు లేరు. ఒక మూల చెక్క ఆటబొమ్మ. మీట తిప్పితే ఒక తెలియని గుర్తు కనిపిస్తుంది, తాడుకు వేలాడే చిన్న మనిషి బొమ్మ కొన్ని మెట్లు కిందికి దిగుతుంది. కింద నోరు తెరుచుకుని ఓ సముద్ర జంతువు బొమ్మ. ఎన్ని మెట్లు దిగిందో లెక్కపెడితే ఆ గుర్తు ఏ అంకో తెలుస్తుంది. నాలుగైదు సార్లు తిప్పేసరికి ఆ దేశపు అంకెలు మనకు వచ్చేస్తాయి, తర్వాత తలుపులు తెరవడానికి అవే కావాలి. కానీ అంకెలతోపాటు ఇంకొకటి కూడా తెలుస్తుంది. ఇక్కడ పిల్లలకు లెక్కలు నేర్పింది ఉరితాడుతో, మింగేసే జంతువుతో. ఈ దీవులను ఏలేవాడు ఎలాంటివాడో ఏ పాత్రా నోటితో చెప్పనక్కర్లేదు. ఒక చోటు తన చరిత్రను ఇంత తక్కువలో, ఇంత భయంకరంగా చెప్పుకున్న ఆట నా ఎరుకలో ఇంకొకటి లేదు. ఇక్కడ చిక్కు విప్పడమూ చోటును అర్థం చేసుకోవడమూ వేర్వేరు పనులు కావు.

అంత గొప్ప ఆట వచ్చిన రెండు మూడేళ్లకే ఈ సంప్రదాయం పనైపోయిందన్న మాట వినిపించింది. పరుగెత్తే త్రీడీ ఆటలు మింగేశాయని అందరూ చెప్పే కారణం. అది ఒక్కటే కాదు. 1999లో వచ్చిన గాబ్రియేల్ నైట్ 3లో కథానాయకుడికి స్నేహితుడి పేరు మీద మోటార్‌సైకిల్ అద్దెకు కావాలి. అందుకు పిల్లి దూరే కన్నానికి టేపు అంటించి, పిల్లి బొచ్చు సంపాదించి, పాకంతో పెదవి మీద మీసంలా అతికించుకోవాలి. ఆ స్నేహితుడికి మీసమే లేదు. కాబట్టి అతని గుర్తింపు పత్రం మీద కూడా మీసం గీయాలి. ఊరంతా ఎంత జాగ్రత్తగా చూసినా ఈ జవాబు తట్టదు. ఆట రాసినవారి బుర్రలో ఏముందో ఊహించాలి. అడిగేవాడు మళ్లీ వచ్చి ఎదుట కూర్చున్నాడన్నమాట. పజిల్‌కూ చోటుకూ మధ్య తాడు తెగినప్పుడు ఆడేవారు విసిగి వెళ్లిపోయారు. మిస్ట్ వారసులకు ఇంకో దెబ్బ కూడా తగిలింది. 2003లో సయాన్ సంస్థే ఉరు పేరుతో ఆ లోకాన్ని ఆన్‌లైన్‌లో అందరూ కలిసి తిరిగేలా మార్చబోయింది. ఆ ఆన్‌లైన్ భాగాన్ని 2004 ఫిబ్రవరిలోనే ఆపేశారు. తర్వాత అభిమానులు దాన్ని బతికించుకున్నారు, వాళ్ల ప్రేమను తక్కువ చేయను. అయినా ఖాళీ దీవికున్న ఆకర్షణ గుంపు చేరగానే సన్నగిల్లిందన్నది కనిపిస్తూనే ఉంది. మిస్ట్‌ను ఒకే తెర ముందు ఇద్దరు ముగ్గురు కూర్చుని ఆడిన ఇళ్లు చాలా ఉన్నాయి కదా అంటే, ఉన్నాయి. తెర ఇవతల ఎందరున్నా దీవి మీద మాత్రం ఎవరూ లేరు. మన భాషలో ఒంటరితనం వేరు, ఏకాంతం వేరు. ఈ ఆటలు ఇచ్చేది రెండోది.

తిరిగి లేచింది చిన్న చిన్న చోట్ల నుంచి. ప్రాగ్‌లో విద్యార్థిగా ఉన్న యాకుబ్ ద్వోర్స్కీ 2003లో చేసిన సామొరోస్ట్ బ్రౌజర్‌లో ఆడే చిన్న ఆట, నాచూ వేళ్లూ పట్టిన ఒక గ్రహం. 2012లో ఇంగ్లండ్‌లోని ఫైర్‌ప్రూఫ్ సంస్థ ది రూమ్ తెచ్చింది, లోకమంతా ఒకే ఒక పెట్టె, దాని ఇత్తడి తాళాలూ రహస్యపు అరలూ. వేలితో తాకే తెర దానికి సరిగ్గా కుదిరింది. 2016లో జొనాథన్ బ్లో బృందం చేసిన ది విట్‌నెస్‌లో మళ్లీ ఓ ఖాళీ దీవి. ఆ దీవిని తీర్చడానికి భవనాల, తోటల రూపకర్తలు కూడా పనిచేశారు. దీవి నిండా పలకలు, ఒక్కో పలక మీద ఓ గుండ్రటి చుక్క దగ్గర మొదలై చివరికి చేరాల్సిన గీత. వందల పలకలు గీశాక ఒక రోజు కొండ మీద నిలబడి చూస్తే, దిగువన నది మలుపు కూడా అదే ఆకారంలో, గుండ్రంగా మొదలై గీతలా పారుతూ కనిపిస్తుంది. దాన్నీ గీయొచ్చు. ఆ క్షణం నుంచి బాటలు, గోడలు, నీడలు, ఆకాశం అంచులు అన్నీ పజిల్సే. అప్పటిదాకా పలకల మీద నేర్పిన పాఠమంతా దీవిని చూడటానికేనని అప్పుడు తెలుస్తుంది. 2019లో వచ్చిన ఔటర్ వైల్డ్స్ ఇంకో అడుగు వేసింది. అందులో 22 నిమిషాలకోసారి లోకం అంతమై మళ్లీ మొదలవుతుంది. ఆడేవారికి కొత్త ఆయుధం రాదు, బలం పెరగదు. చేతిలో మిగిలేది తెలుసుకున్న సంగతి మాత్రమే. ముగింపుకు వెళ్లే దారి మొదటి రోజు నుంచీ తెరిచే ఉంటుంది, అది దారి అని తెలియదు, అంతే.

ఇంకా రెండు అభ్యంతరాలు మిగిలాయి. మన వారపత్రికల్లో గళ్లనుడికట్టు నింపేవారికి దీవీ గుహా అక్కర్లేదు, చిక్కు విప్పడమే ఆనందం, మరి చోటు మీద ఇంత బరువెందుకు అనొచ్చు. గళ్లనుడికట్టుకూ చోటు ఉంది, అది భాష. నాలుగు గళ్లలో మాట కుదిరినప్పుడు కలిగే హాయి తెలుగులో ఇంకో మూల పరిచయమైన హాయే. అంకెల సుడోకుకు మాత్రం ఈ మాట వర్తించదు, ఆ తృప్తి వేరే జాతిదని ఒప్పుకుంటాను. రెండోది ఇంకా గట్టిది. 2012లో డియర్ ఎస్తర్, 2013లో గాన్ హోమ్ పజిల్స్ దాదాపు లేకుండానే ఒక చోటులో నడిపించాయి, ఎంతోమంది ప్రేమించారు. చోటే చాలయితే పజిల్ ఎందుకు? అవి మంచి ఆటలు. పజిల్ లేనిదే చోటు పలకదని నేను అనను. కానీ అవి రెండు గంటల్లో అయిపోతాయి, నడక ఆగేందుకు కారణం తక్కువ. ఒక గదిలో అరగంట నిలబడి గోడ మీది గీతను, గంట మోతను, బల్ల మీది బొమ్మను మళ్లీ మళ్లీ చూడాలంటే మనసుకు ఒక ముల్లు గుచ్చుకుని ఉండాలి. ఆ ముల్లే చిక్కు. గుడికి వెళ్లినవారు ప్రదక్షిణ చేస్తూ గోడల మీది శిల్పాన్నీ చూస్తారు. ప్రదక్షిణ లేకపోతే గర్భగుడి ముందు నుంచే తిరిగి వచ్చేవారు.

చివరగా మళ్లీ మొదటి గుహ దగ్గరికే వస్తాను. 2007లో డెనిస్ జెర్జ్ అనే పరిశోధకుడు మొదటి గుహ ఆట మీద ఒక వ్యాసం ప్రచురించారు. డాన్ వుడ్స్ చేతులు పెట్టకముందు క్రౌథర్ రాసిన అసలు ఫోర్‌ట్రాన్ ప్రోగ్రామ్ పోయిందనే అందరూ అనుకున్నారు. వుడ్స్ పాత స్టాన్‌ఫర్డ్ ఖాతా బ్యాకప్‌లో అది బయటపడింది. జెర్జ్ గుహాన్వేషకుల వెంట కెంటకీలోని ఆ గుహలోకి దిగి, ప్రోగ్రామ్‌లోని వాక్యాలను ఎదురుగా ఉన్న రాళ్లతో సరిచూసుకున్నారు. ఆటలో వై2 అనే గది ఉంది. ఆడినవాళ్లు దాన్ని ఏదో మంత్రాక్షరం అనుకుని ఉంటారు. అది గుహ కొలిచేవాళ్లు తమ సర్వేలో ఆ చోటుకు పెట్టుకున్న గుర్తు.